సారమ్మ ఇంటర్వ్యూ కార్డు

సారమ్మ వరంగల్‌లో ఒక చిన్న దవాఖానలో ఆయా. పనిచేస్తూనే పదో తరగతి కట్టి, సెలవు పెట్టి నర్సు ట్రైనింగ్ పూర్తిచేసింది. 1981లో సర్కారు నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆ ఏడు దాటితే వయసు మించిపోతుంది.

ఇంటర్వ్యూ పద్నాలుగున. కార్డు ఆమె చేతికి అందింది ఇరవై ఏడున. వెనక వరంగల్ పోస్టాఫీసుకు చేరిన ముద్ర ఆరో తేదీది. ఒక మూల ఎలుకలు కొరికాయి.

ఆమె తిన్నగా తమ పేట పోస్టాఫీసుకు పోయింది. పోస్టుమాస్టరు రాంచందర్ వక్క నములుతూ చెప్పాడు.

"మా పోస్ట్‌మాన్ లీవుల ఉండె అక్కా. బదులొచ్చినోడు మీ గల్లీ ఉత్తరాల కట్టను బల్లకింద పెట్టి మరిచిండు. గంతే. దొరికినంక ఇచ్చినం గద!"

ఆ "గంతే" విని ఆమె కార్డు చెంగున ముడేసుకుని బయటికొచ్చింది. వకీలు కిషన్ రావును పట్టుకుని తపాలా శాఖమీద కేసు వేసింది.

కేసు రెండేళ్లు నడిచింది. ఆఖరి రోజు సర్కారు వకీలు లేచి, తెల్లదొరల కాలంనాటి తపాలా చట్టం చదివాడు. జడ్జి ఆమెకు తెలుగులో చెప్పాడు.

"ఉత్తరం పోయినా, ఆలస్యమైనా సర్కారుకు బాధ్యత లేదమ్మా. ఉద్యోగి కావాలని చేసిండని రుజువైతేనే అతన్ని అడగాలె."

"కావాలనే చేసిండో, మరిచే పోయిండో, నా నౌకరి పోయింది గద సార్?"

"చట్టం అట్లుంది." జడ్జి తర్వాతి కాగితం అందుకున్నాడు.

కోర్టు బయట హోటల్ దగ్గర రాంచందర్ ఎదురొచ్చాడు. "మనసుల పెట్టుకోకక్కా. చాయ్ తాగు," అని గ్లాసు చేతిలో పెట్టాడు.

"ఒక్కపారన్న తప్పయిందన్నవా నువ్వు?"

"అంటే కేసుల ఇరుక్కుంట గద! అనొద్దని వకీలు చెప్పిండు."

"కేసు అయిపోయింది. గిప్పుడను."

రాంచందర్ అటూ ఇటూ చూశాడు. వక్క ఉమ్మేసి, నోరు తుడుచుకున్నాడు. హోటలోడికి చాయ్ పైసలు అందించాడు.

సారమ్మ చాయ్ మట్టిలో పారబోసింది. ఖాళీ గ్లాసు బల్లమీద బోర్లించి, "ఛీ!" అని వెళ్లిపోయింది.

ఆ నెలలోనే దవాఖానకు సావిత్రి అనే కొత్త నర్సు వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. మొదటి రోజు పుండు చూసి కట్టుగుడ్డ కింద పడేసింది. పక్కన నిలబడి, కట్టు ఎలా కట్టాలో ఆయా సారమ్మే చూపించింది.