పెంటమ్మ చీటీలు

రెడ్డిగూడెంలో పెంటమ్మ అనే పేరుగల మనిషి ఒక్కతే ఉండేది. ఆ పేరు ఎవరూ సరదాకి పెట్టరు. గతిలేక పెడతారు.

ఆమె తల్లి సీతమ్మకి అంతకుముందు ఆరుగురు పుట్టారు. ఆరుగురికీ ముచ్చటైన పేర్లే పెట్టుకుంది. రాజ్యలక్ష్మి అంది, దుర్గ అంది, రామకృష్ణ అంది. ఒక్క బిడ్డకీ ఏడాది నిండలేదు. ఏడో కాన్పులో బొడ్డు కోయగానే బిడ్డను చేటలో పడుకోబెట్టి, తన చేతులతోనే మోసుకెళ్లి దొడ్లో పెంటకుప్ప మీద పెట్టింది. పచ్చి బాలింత. కాళ్లు వణుకుతున్నా ఆ చేట ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదట. పక్క పేట ఇన్నమ్మ దారినపోయే దానిలా వచ్చి, "పెంట మీద ఎవరో పారేసిన పిల్ల దొరికింది, కొనుక్కుంటావా అమ్మా?" అని కేకేసింది. సీతమ్మ చేటెడు తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కుంది. పారేసినదాని మీద చావు కన్ను పడదని నమ్మకం. ఇన్నమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. అయినా ఆ రోజు వచ్చింది. బిడ్డ బతికింది.

పేరు అడిగితే పెంటమ్మ గొంతు తగ్గించేది కాదు. "పెంటమ్మనండి" అనేది, అమ్మవారి పేరు చెప్పినట్టు.

మొగుడు నరసింహులు మాత్రం ఆ పేరు నోట పలికి ఎరగడు. అతను ఎనిమిదో తరగతి చదివాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆ రాత తప్ప అతని దగ్గర చెప్పుకోదగ్గది మరోటి లేదు. పెళ్లినాడు గడప దగ్గర ఆడవాళ్లు అడ్డం నిలబడి, పేర్లు చెప్పి లోపలికి రమ్మన్నారు. పెళ్లికూతురు సిగ్గుపడుతూనే, "నరసింహులుతో కలిసి పెంటమ్మ వచ్చింది" అనేసి లోపలికి అడుగుపెట్టింది. పెళ్లికొడుకు దిక్కులు చూశాడు. ఏదో గొణిగాడు. ఆడవాళ్లు నవ్వి, పోనీలెమ్మని వదిలేశారు. ఆ తరువాత పదేళ్లు "ఏమే" అన్న పిలుపుతోనే కాపురం చేశాడు.

మైలవరం రోడ్డు మీద బసవపున్నారావు పెద్ద పాక వేశాడు. చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు తీసుకుని, పళ్లు మద్రాసు మండీకి ఎత్తేవాడు. ఆ పాకలో నరసింహులు గుమాస్తా. పెంటమ్మ గంపలు కట్టేది.

గంప కట్టడం చూసినంత తేలిక కాదు. మద్రాసులో గంప విప్పే రోజుకి పండు తినేట్టు ఉండాలి. ఒక రోజు ముందు పండితే కుళ్లు, ఒక రోజు వెనకైతే పులుపు. పెంటమ్మ కాయను బొటనవేలితో నొక్కేది కాదు. అరచేతిలో పెట్టుకుని తొడిమ దగ్గర వాసన చూసేది. "ఇది రెండ్రోజులకి," "ఇది నాలుగ్రోజులకి" అనుకుంటూ, ఆలస్యంగా పండేవి అడుగున, తొందరపడేవి పైన, మధ్యలో వరిగడ్డి పొరలు పొరలుగా వేసి సర్దేది. చిన్నరసాలైతే కళ్లు మూసుకుని కట్టగలదనేవాళ్లు. నిజానికి ఆమె కళ్లు మూసేదే కాదు. సొన పడి ముంజేతులు మచ్చలు తేలినా, మధ్యాహ్నం ఎండకి మిగతావాళ్లు కునుకు తీసినా, ఆమె కాయ మీదనుంచి చూపు తిప్పేది కాదు.

ఆ పాకలో ఒక పద్ధతి ఉండేది. గంప మీద గోనె కుట్టేముందు, కట్టిన మనిషి పేరు రాసిన చీటీ పై గడ్డిలో పెట్టాలి. పళ్లు చెడిపోతే మండీవాళ్లు ఆ చీటీ తిప్పి పంపుతారు. చీటీ వచ్చినవాళ్లకి బసవపున్నారావు నోరు ఎలాంటిదో తెలిసేది. యాభై ఎనిమిది వేసవిలో అందరి చీటీలూ వచ్చాయి. పెంటమ్మది ఒక్కటీ రాలేదు.

మరుసటి వేసవి మొదట్లో బసవపున్నారావు నరసింహుల్ని పక్కకి పిలిచాడు.

"ఏంటయ్యా ఇది? పళ్ల గంప విప్పగానే పెంట అని కనపడితే తినబుద్ధేస్తుందా ఎవరికైనా?"

"అదేనండీ..."

"ఏదో ఒక మంచి పేరు రాసి పడెయ్. నీ పెళ్లానికి చదువు రాదుగా?"

"రాదండి."

బసవపున్నారావు ఏ పేరో చెప్పలేదు. పద్మ అన్న పేరు నరసింహులే ఎంచుకున్నాడు. చదువుకునేటప్పుడు హెడ్మాస్టరు గారమ్మాయి పేరది. అప్పటినుంచీ అతనికి ఆ పేరు ఇష్టం. యజమాని చెప్పాడు కాబట్టి చేశానని తరువాత చాలామందితో అన్నాడు. కలం పట్టుకున్నప్పుడు అతనికి కలిగిన సంతోషం గురించి ఎవరితోనూ అనలేదు.

పెంటమ్మకి ఒక ముచ్చట ఉండేది. పొద్దున మొదటి గంప కట్టగానే చీటీ పట్టుకుని మొగుడి దగ్గరికి వచ్చేది.

"చదువు మావా."

నరసింహులు పద్మ అన్న అక్షరాలు చూస్తూ, "పెంటమ్మ" అని చదివేవాడు. పదేళ్లుగా నోటికి రాని పేరు ఆ అబద్ధానికి మాత్రం వచ్చింది.

"మద్రాసులో కూడా ఇట్టాగే చదువుతారా?"

"చదవకేం చేస్తారు?"

ఆమె నవ్వుకుంటూ వెళ్లి చీటీని గడ్డిలో పెట్టేది. రెండు వేసవులు అలా సాగింది.

అరవయ్యో సంవత్సరం కాపు చివరలో మద్రాసు నుంచి మండీ షావుకారు తమ్ముడు సుబ్బారావు వచ్చాడు. బసవపున్నారావు కుర్చీ వేయించి, మంచి రసాలు కోయించి పెట్టాడు. సుబ్బారావు చెయ్యి కడుక్కుని సంచిలోంచి జరీ అంచు చీర తీశాడు.

"మీ దగ్గర పద్మ గారని ఒకావిడ ఉన్నారటగా. ఒకసారి పిలవండి. రెండేళ్లుగా చూస్తున్నా, ఆవిడ గంపలో ఒక్క కాయ చెడలేదు. మా దగ్గర ఆవిడ గంపలకి పోటీలు పడతారు. మా వదినగారు ఈ చీర ఇచ్చి రమ్మన్నారు."

పాకలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పద్మెవరే?"

"మన్లో పద్మ ఎవరుందీ?"

"నేనే అనుకో, చీర నాకిప్పించు," అంది ఒకామె. అందరూ నవ్వారు.

బసవపున్నారావు నరసింహుల వంక చూశాడు. నరసింహులు కలం మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. చివరికి భార్య వైపు చెయ్యి చూపించాడు.

"ఆవిడేనండి."

పెంటమ్మ లేచింది. చేతులకంటిన సొన కొంగుకి తుడుచుకుంది. మొగుణ్ణి చూసింది, వచ్చిన పెద్దమనిషిని చూసింది. ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. పొద్దున చదివించుకున్న చీటీ గుర్తొచ్చి ఉంటుంది.

"ఆ గంపలు కట్టింది నేనేనండి. నా పేరు పెంటమ్మ."

"మరి పద్మ..."

"ఆవిడెవరో నాకు తెలీదండి. చీర ఆవిడది. ఎక్కడుందో ఈయన్నడగండి, ఈయనకి తెలుసు."

సుబ్బారావు చీర చేతిలో పట్టుకుని తెల్లమొహం వేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాంటి చీర ఆమె పుట్టాక కట్టలేదు. కూర్చుని, సగంలో ఉన్న గంప నింపింది. చీటీ పెట్టకుండా పక్కకి జరిపింది.

సుబ్బారావు వెళ్లాక బసవపున్నారావు వచ్చాడు. "చీటీ పెట్టవేమే?"

"నా పేరు రాయించండి, పెడతాను."

"నీ పేరుతో పళ్లెవరు తింటారే?"

"మొదటేడు తిన్నారుగా బాబూ. ఎవరికీ కడుపునొప్పి రాలేదు."

"నా పాక, నా పళ్లు. నాకిష్టమైన పేరు రాయించుకుంటా."

"పాక మీదే, పళ్లూ మీవే. వాటిని సర్దింది మాత్రం నేను. పేరు రాస్తే నాది రాయండి, లేకపోతే ఎవరిదీ రాయకండి."

"అయితే లే."

ఆమె లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. ఆమె వెంట ఒక్కరూ లేవలేదు. నరసింహులు కూడా లేవలేదు. సాయంత్రం దాకా కూర్చుని లెక్కలు రాశాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె అన్నం వార్చింది. వడ్డించింది. అతను తినేదాకా ఊరుకుని అడిగింది.

"రెండేళ్లూ ఇంతేనా?"

"ఇంతే. అయ్యగారు రాయమన్నాడే. నేనేం చేసేది?"

"అయ్యగారు రాయమన్నాడు. నాకు రోజూ అబద్ధం చదవమంది కూడా అయ్యగారేనా?"

అతను కోపం తెచ్చుకున్నాడు. తప్పు చేసినవాడికి అదొకటే చేతనవుతుంది.

"అంత గొప్ప పేరా అది? నలుగురిలో పిలవడానికి సిగ్గేస్తుంది నాకు!"

"ఆరుగురికి సిగ్గు పడక్కర్లేని పేర్లే పెట్టింది మా అమ్మ," అంది పెంటమ్మ. "ఒక్కళ్లూ పిలిస్తే పలికేదాకా బతకలేదు. నన్ను తన చేత్తో కుప్ప మీద పెట్టింది. కన్నతల్లికి అదెంత కష్టమో నీకు తెలియదు. నాకు ఆవిడిచ్చిన ఆస్తి అదొకటే. నువ్వు పిలవకపోయినా ఊరుకున్నా. నీ నోరు, నీ ఇష్టం. కానీ దాన్ని చెరిపేసే హక్కు నీకెవరిచ్చారు?"

అతను కంచం పక్కకి నెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆమె కంచం కడిగి బోర్లించింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నరసింహులు చాలాసార్లు అనుకున్నాడు.

మరుసటి వేసవికి ఇన్నమ్మ కొడుకు జోజి ముప్పై చెట్ల తోట గుత్తకు తీసుకున్నాడు. పెంటమ్మ వెళ్లి అడిగింది.

"గంపలు నేను కడతాను తమ్ముడూ. చీటీ మీద నా పేరే ఉండాలి."

"నీ పేరు కాక నా పేరు రాస్తానా అక్కా? నువ్వు కడితే చాలు."

"నువ్వు కూడా రాయొద్దు. నేనే రాసుకుంటా."

మిషను బడిలో రిబ్కమ్మ టీచరు ఉండేది. బడి వదిలాక పెంటమ్మ వెళ్లి ఆమె ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ల ఆడది పలక పట్టుకుంటే పేటలో నవ్వారు. "కలెక్టరవుతావా ఏంటే?" అన్నారు. "కాను, పెంటమ్మనవుతా," అంది. కాయను అరచేతిలో అంత సులువుగా తిప్పే ఆ వేళ్లు బలపం పట్టుకుంటే కొయ్యబారేవి. తన పేరులోని మూడక్షరాలకి నలభై రోజులు పట్టింది. ఇంకే అక్షరమూ నేర్చుకోనంది. టీచరు ఎంత చెప్పినా, "ముందు ఇది కుదరనియ్యండి అమ్మగారూ" అనేది. జోజి గంపలు బెజవాడ వెళ్లాయి. చీటీ ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇటు బసవపున్నారావు పాకలో పద్మ చీటీలు ఆగలేదు. మద్రాసులో ఆ పేరుకి గిరాకీ ఉంది కదా, ఎవరు కట్టిన గంపలోనైనా అదే పెట్టించాడు. నరసింహులు ముత్యాల్లాంటి అక్షరాలతో కట్టలు కట్టలు రాశాడు. పేరు ఒక్కటి ఉంటే చాలుననుకున్నారు ఇద్దరూ. ఆ వేసవిలో పదకొండు పద్మ చీటీలు తిరిగొచ్చాయి, పళ్ల రసంతో ముద్దయి, ఈగలు వాలుతూ. వాటితోపాటు సుబ్బారావు ఉత్తరం వచ్చింది. ఆ కట్టే ఆవిడ పేరు ఏదైనా సరే, ఆవిడ గంపలే పంపండి, లేకపోతే మానేయండి అని.

బసవపున్నారావు ఉత్తరం నరసింహుల ముందు పడేశాడు.

"పోయి నీ పెళ్లాన్ని పిలుచుకురా. ఏ పేరు రాయమంటే అది రాద్దువుగాని."

నరసింహులు తోటకి వెళ్లాడు. జోజి ఎవరితోనో కాయ కోసే చిక్కం కర్ర బాగుచేయిస్తున్నాడు. పెంటమ్మ చెట్టు నీడలో, బోర్లించిన గంప మీద కాగితం ముక్కలు పెట్టుకుని రాసుకుంటోంది. నాలుక కొన పళ్ల మధ్య పట్టుకుంది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి, మూడోది చీటీ అంచు దాటిపోతూ ఉన్నాయి. అయినా ఎవరు చూసినా చదవగలరు. నరసింహులు చదివాడు. కింద పరిచినవన్నీ చదివాడు. అన్నిటిమీదా ఒకే పేరు.

సంగతి చెప్పాడు. ఆమె తలెత్తకుండా విన్నది.

"జోజి కాయ అయిపోయాక వస్తానని చెప్పు. చీటీలు నేనే తెచ్చుకుంటా."

"నువ్వెందుకే అంత కష్టపడటం? ఇటివ్వు, క్షణంలో రాసిస్తా." చెయ్యి చాపాడు. తరువాత, ఎన్నడూ లేనిది, మెల్లిగా అన్నాడు. "పెంటమ్మా, ఇటివ్వు."

ఆమె అప్పుడు తలెత్తింది. ఆ పిలుపు విన్నది. వినలేదనడానికి లేదు. అయినా మొహంలో ఏ మార్పూ లేదు.

"వద్దు. నీ రాత బాగుంటుంది. అందుకే వద్దు."

రాసిన చీటీ ఎండిందో లేదో వేలితో చూసుకుంది. కట్టిన గంప పై గడ్డిలో పెట్టింది. దబ్బనం, పురికొస తీసి మొగుడికి అందించింది.

"గోనె కుట్టు."

నరసింహులు కింద కూర్చుని గోనె కుట్టాడు.