ఉత్తరదేశపు దిక్సూచి

టోరిక ఏదైనా అడిగితే లేదనడానికి ఉనైసికి నోరు రాదు. టోరిక ఆమె మేనమామ కూతురు. కడావు దీవి నుంచి రాజధాని సువాకు వచ్చి, ఉనైసి వాళ్ళింట్లో ఉంటూ, ఆమెతో పాటే కాలేజీలో మొదటి ఏడాది భౌతికశాస్త్రం చదువుతోంది. "వదినా, కెరెకెరె", అంటే నాకివ్వు అని, అయినవాళ్ళు చేయి చాపితే ఇచ్చెయ్యాలి, అంతే. ఇవ్వనివాళ్ళ గురించి చర్చి మెట్ల మీద చెప్పుకుంటారు. అలా ఉనైసి చెప్పులు, పువ్వుల గౌను, కిటికీ పక్క పడక టోరికవైపు వెళ్ళిపోయాయి. వాటికి ఉనైసి పెద్దగా బాధపడలేదు. ఆమెను లోపల తినేస్తున్నది వేరే ఉంది.

టోరికకు పాఠం ఊరికే వచ్చేస్తుంది. ఉనైసి పుస్తకం ముందు కూర్చుని, అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు ఎందుకు పుడుతుందో తల పట్టుకుని చదువుతుంటే, టోరిక పొయ్యి దగ్గర కర్రపెండలం తొక్క తీస్తూ వెనక్కి తిరగకుండానే చెబుతుంది. అదీ నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వే ఉనైసి భరించలేకపోయేది.

"టోరికా, వెలుగు అల అంటారు, కాదు రేణువంటారు. ఏదో ఒకటి తేల్చరేమే మీ మాస్టార్లు?" అని అడిగింది ఒక సాయంత్రం ఉనైసి తల్లి ఇలిసపేసి.

"మీ అమ్మాయిలాగే అత్తా. గిన్నెలు తోమేటప్పుడు అల, చేతికి దొరకదు. భోజనానికి పిలిస్తే రేణువు, పీట మీద ఉంటుంది."

ఇలిసపేసి కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఉనైసి కూడా నవ్వింది. వదినామరదళ్ళు ఎగతాళి చేసుకుంటే కోపం తెచ్చుకోకూడదు. కానీ వెలుగు గురించి అమ్మ తననెప్పుడూ అడగలేదన్న సంగతి ఆమె మనసులో ముల్లులా దిగబడింది.

ఏడాది చివర ప్రయోగ పరీక్షలో మొదట నిలిచినవాళ్ళకు వచ్చే ఏడు ప్రయోగశాలలో కొత్త పిల్లలకు నేర్పే పని ఇస్తారు. ఒక్కరికే. తెల్లకోటు వేసుకుని, ఆ గది తాళంచెవి చేతిలో పట్టుకుని అమ్మ ముందు నిలబడాలని ఉనైసి కోరిక. ఆ ఒక్కటి టోరికకు పోకూడదు.

పరీక్షకు పెట్టే ప్రయోగం అందరికీ ముందే తెలుసు. గుండ్రంగా చుట్టిన తీగ మధ్యలో దిక్సూచి పెట్టాలి. తీగలో కరెంటు పెంచుతూ ముల్లు తిరిగిన కోణం చూసి, దాని టాంజెంటుకు గ్రాఫు గీయాలి. గీత తిన్నగా వస్తే పని సరిగ్గా చేసినట్టు. ఆ నెలలోనే యూరప్ నుంచి ఎవరో దాతలు కొత్త దిక్సూచి ఒకటి పంపారు. ఇత్తడి పెట్టె, తళతళలాడే అద్దం. ఉనైసి ముందుగా వెళ్ళి దాన్ని తీసుకుంది. టోరికకు గీతలు పడిన పాత ఆస్ట్రేలియా దిక్సూచి మిగిలింది.

అయినా సాధన చేసేటప్పుడు టోరిక గీత తాడు లాగి కట్టినట్టు వచ్చింది. ఉనైసి గీత మాత్రం మేక నడిచిన దారిలా వంకర్లు పోయింది. శివలాల్ మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఉనైసీ, చెయ్యి వణుకుతోందా? టోరిక ఎలా చేస్తోందో పక్కన నిలబడి చూడు."

ఆ మాటతో ఆమె చెవులు వేడెక్కాయి. అందరూ వెళ్ళాక ఒక్కతే ఉండిపోయింది. ముల్లును పైనుంచి చూసింది, తప్పేమీ కనబడలేదు. ఏడుపు వచ్చి బల్ల మీద తల ఆనించింది. అప్పుడు కన్ను అద్దం అంచుకు సరిగ్గా సమంగా వచ్చింది.

ముల్లు సమంగా లేదు. దాని దక్షిణపు కొస కిందికి వాలి పలకను రాసుకుంటోంది.

ఉనైసి లేచి కూర్చుంది. భూమి అయస్కాంత బలం నేలకు సమాంతరంగా ఉండదని పాఠంలో విన్నది గుర్తొచ్చింది. ఉత్తరదేశాల్లో అది ముల్లు తలను, అంటే ఉత్తరపు కొసను, కిందికి లాగుతుంది. అందుకని అక్కడ తయారుచేసేవాళ్ళు తోకకు చిన్న బరువు కడతారు. భూమధ్యరేఖకు దక్షిణాన, ఇక్కడ, అదే బలం తలను పైకెత్తుతుంది. తోక దానంతటదే కిందికి పోతుంది, పైగా ఆ బరువు ఒకటి. ఆస్ట్రేలియా దిక్సూచి దక్షిణపుదే కనుక దానికి ఈ చిక్కు లేదు. బస్సు టికెట్టు మడిచి పెట్టె కింద ఒక పక్కన దోపింది. ముల్లు విడిపడి తేలిగ్గా ఊగింది.

ఎవరూ చెప్పకుండా తనంతట తాను తెలుసుకున్న మొదటి విషయం అది. దారంతా ఆమె మనసు గంతులేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అది టోరికది కూడా అయిపోతుంది.

పరీక్షకు ముందురోజు, కొబ్బరిపాలలో ఉడికిన చామాకు తింటుండగా టోరిక చేయి చాపింది.

"వదినా, కెరెకెరె. రేపటికి నీ కొత్త దిక్సూచి ఇవ్వవూ? నా దాని అద్దంలో అంకెలు కనబడి చావడం లేదు."

ఉనైసి చేతిలో ముద్ద ఆగిపోయింది. "పాతదే బాగుంటుందే నీకు" అంది.

"అబ్బో, పాతదే బాగుంటుందట! మరి నువ్వెందుకు తీసుకోలేదు తల్లీ?"

"ఇవ్వవే" అంది ఇలిసపేసి. "పెట్టెలో పొదగేసి పిల్లలు చేయిస్తావా?"

ఇద్దరూ నవ్వారు. ముల్లు ఆనుకుంటుందని ఒక్క మాట చెబితే అయిపోయేది. ఉనైసి ఆ మాటను ముద్దతో పాటు మింగేసింది. అడిగితే ఇవ్వాలి, ఇస్తున్నాను, ఇందులో నా తప్పేముంది అనుకుంది.

"తీసుకో" అంది.

"మా వదిన బంగారం!" అని టోరిక ఆమె బుగ్గ పిండింది.

మర్నాడు పరీక్షలో పాత దిక్సూచి ఉనైసి చేతిలో బుద్ధిగా పనిచేసింది. ఎదుటి బల్ల దగ్గర టోరిక అద్దం మీద గోటితో తట్టడం, తీగలు విప్పి మళ్ళీ బిగించడం, కొట్టివేసి మళ్ళీ రాయడం కనబడుతూనే ఉంది. ఒకసారి టోరిక తలెత్తి ఆమె వైపు చూసింది. ఉనైసి గ్రాఫు కాగితం మీదికి వంగింది. లోపల భయంగానూ ఉంది, తియ్యగానూ ఉంది.

చివర మాస్టారు ఒక్కొక్కరి బల్ల దగ్గర ఆగి ప్రశ్నలు వేశారు. "ఈ ప్రయోగంలో ఏ పొరపాట్లు రావచ్చు?"

ఉనైసి ఆ క్షణం కోసమే కాచుకుని ఉంది. ఉత్తరదేశపు ముల్లు ఇక్కడ ఎందుకు ఆనుకుంటుందో, తోక బరువు గురించి, పెట్టెను ఒక పక్క ఎలా ఎత్తాలో గడగడా చెప్పేసింది. మాస్టారు కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశారు.

"ఇది నాకే తట్టలేదమ్మా. పరీక్షలో కనిపెట్టావా?"

"లేదు సార్. పోయిన వారమే" అంది ఉనైసి గర్వంగా.

అన్నాక గాని ఎదుటి బల్ల గుర్తు రాలేదు. టోరిక కొత్త పెట్టెను కంటికెదురుగా ఎత్తి పక్కనుంచి చూస్తోంది. తర్వాత మెల్లగా కింద పెట్టింది.

ఆ సాయంత్రమే ఆ పని, గది తాళంచెవీ ఉనైసికే ఇచ్చారు. ఇద్దరూ బస్సు స్టాపుకు నడిచారు.

"నిన్న చెప్పి ఉండొచ్చుగా" అంది టోరిక.

"నువ్వు అడిగావు, ఇచ్చాను. లేదనకూడదుగా."

టోరిక బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. "నిజమే. అడిగింది నేనే" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు.

ఆ తర్వాత ఆమె ఉనైసిని ఏదీ అడగలేదు. దారం కావాలన్నా, ఉప్పు అందుకోవాలన్నా లేచి వెళ్ళి తానే తెచ్చుకునేది. పలకరిస్తే మర్యాదగా బదులు చెప్పేది. ఎగతాళి మానేసింది.

సెలవులకు ముందురోజు పెద్ద వాన కురిసింది. ఉనైసి ప్రయోగశాలకు తాళం వేసి, గొడుగు విప్పి, గేటు దగ్గర టోరిక కోసం నిలబడింది. టోరిక వరండాలోంచి ఆమెను చూసింది. చూసి, పక్కనున్న లోసనా అనే అమ్మాయి వైపు తిరిగింది.

"లోసనా, కెరెకెరె. నీ గొడుగులోకి రానీ. లావైపోయావు కానీ ఇద్దరం పడతాంలే."

"పోవే!" అంటూ లోసనా ఆమె నడుం పట్టి లాక్కుంది. ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ ఉనైసిని దాటి వెళ్ళిపోయారు. ఆ గొడుగు చిన్నది. లోసనా భుజం సగం తడిసిపోతోంది. ఆ తడుస్తున్న భుజాన్ని చూసి ఉనైసి కుళ్ళిపోయింది.