తిట్టడం మానేసిన తమ్ముడు

కీబోర్డు వాయించేవాళ్లు పాటలు వినరు. వింటారని మీరు అనుకుంటున్నారంటే మీ ఇంట్లో కీబోర్డు వాయించేవాడు లేడన్నమాట. మా ఇంట్లో ఉన్నాడు, నా సొంత తమ్ముడు. నేను పాడతాను, వాడు వాయిస్తాడు, ఏళ్ల తరబడి ఒకటే బృందం. ఇన్నేళ్లలో నేను పాడిన ఏ పాటలోనూ ఒక్క చరణం వాడికి రాదు. అది ఏడుపు పాటో సరదా పాటో కూడా పట్టదు. "ఫలానా పాట గుర్తుందట్రా?" అని అడిగితే "మధ్యలో బేస్ మెల్లగా కిందకి దిగుతుందే, అదేనా?" అంటాడు. మనిషి పోయాడని గుండెలు బాదుకునే పాటలో వాడికి గుర్తుండేది అడుగున మోగే ఆ మంద్రస్వరం!

వినడం కూడా ఎలా వింటాడనుకున్నారు? పాట మొత్తంలో వాడికి నచ్చే ముక్క ఎక్కడో చిటికెడు ఉంటుంది. దాన్నే వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పి, ఇంట్లోవాళ్లకి పిచ్చెక్కేదాకా వింటాడు. పల్లవి ఎప్పుడొస్తుందా అని మనం కాచుకుని కూర్చుంటే అది రాకముందే ఆపేస్తాడు. "ఇక ముందేముంది, తెలిసిపోయిందిగా" అంటాడు. ఇంకో వింత ఏమిటంటే, కీబోర్డు ఉన్న పాటలంటేనే వాడికి గిట్టదు. రోజంతా మీటలు నొక్కి దొంగ వేణువు, దొంగ వయొలిన్ పలికించేవాడు ఇంటికొచ్చి అసలు వేణువు విని కళ్లు తుడుచుకుంటాడు. "ఊపిరి వినపడాలక్కా, ఊపిరి. నా డబ్బాలో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు" అనేవాడు.

పాటలు వినడు గానీ లోకంలో మిగతా చప్పుళ్లన్నీ వినేవాడు. తలుపు కిర్రుమంటే దాని స్వరం చెప్పేవాడు. మా మిక్సీది ఏ స్వరమో, ఎదురింటివాళ్ల కాలింగ్ బెల్‌ది ఏ స్వరమో వాడికి కంఠతా వచ్చు. ఫ్యాను తిరుగుతుంటే దానికి శ్రుతి కలిపి కూనిరాగం తీసేవాడు. ఎవరైనా కాస్త శ్రుతి తప్పారో, నిమ్మకాయ కొరికినట్టు మొహం పెట్టి తిట్లు లంకించుకునేవాడు. నన్నయితే అక్కనని కూడా చూడకుండా, స్టేజీ మీదే, పెదాలు కదలకుండా తిట్టేవాడు. "జారుతున్నావ్, పైకి లాగు, లాగు తల్లీ!" అని. ఆ తిట్లు తిని తినే నేను నలుగురిలో పాటగత్తెననిపించుకున్నాను. ఒప్పుకోక ఛస్తానా!

అలాంటివాడు తిట్టడం మానేశాడు.

మొదట నాకూ హాయిగానే ఉంది. వయసు మీద పడుతోంది, నెమ్మదించాడులే అనుకున్నాను. మా మరదలైతే మురిసిపోయింది. "ఈమధ్య మీ తమ్ముడు ఎంత మెత్తబడ్డారో వదినా! మొన్న వంటింట్లో పాడుకుంటుంటే వచ్చి బాగుందన్నారు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి" అంది. మా మరదలు బంగారం లాంటి మనిషి, వంక పెట్టడానికి లేదు. గొంతు మాత్రం దేవుడు వేరే పనిలో ఉండి ఇచ్చేశాడు. ఆ గొంతు విని వీడు బాగుందన్నాడా? పైకి మాత్రం నవ్వేశాను.

ఆ తర్వాత ఒకరోజు మా బృందంలో చేరతానని ఒక అమ్మాయి రిహార్సల్ గదికి వచ్చింది. ఆ పిల్ల పాట ఎత్తుకున్న శ్రుతికీ ముగించిన శ్రుతికీ సంబంధమే లేదు. డ్రమ్ముల బదులు ప్యాడ్స్ వాయించే మా గుండు, చేతిలో కర్రలు పక్కన పెట్టి నావైపు చూశాడు. జుట్టు ఊడిపోయినప్పటినుంచీ వాణ్ని అందరం గుండనే పిలుస్తాం. నేను తమ్ముడివైపు చూశాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు విరుచుకుపడతాడు అని. వాడు చిరునవ్వుతో ఆ పిల్ల పెదాలకేసే చూస్తున్నాడు. పాట అయ్యాక "బాగుందమ్మా, చక్కగా పాడావు" అన్నాడు.

ఆ పిల్ల సంతోషంగా వెళ్లిపోయింది. గుండు నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. వాడి ఎడమ చెవికి మిషనుంటుంది. స్టేజీ మోతలో కూర్చుని కూర్చుని ఆ చెవి పోగొట్టుకున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, కోప్పడకు."

"అది నువ్వు చెప్పే మాటని బట్టి ఉంటుంది."

"వాడు వినట్లేదు. చూస్తున్నాడు."

"ఏం కూస్తున్నావురా?"

"నాకూ ఇలాగే మొదలైంది. ముందు స్వరాలు పోయాయి, మాటలు మిగిలాయి. మాటలు తెలుస్తున్నాయి కదా అని నేను ఊరుకున్నా. చివరికి వెళ్తే మా చెవుల డాక్టరు ఏమన్నాడో తెలుసా? ముందే వచ్చుంటే ఉన్నదాన్నయినా నిలబెట్టేవాణ్ని, పోయింది మాత్రం ఇక రాదు అన్నాడు. వాణ్ని తీసుకెళ్లు. ఆలస్యమైతే ఆ మాటలు కూడా పోతాయి. నువ్వు పిలిచినా వినపడదక్కా."

గుండుని నోటికొచ్చినట్టు తిట్టాను. నీ నోట్లో మన్నుపడ అన్నాను. వాడు నిజమే చెప్తున్నాడని తెలిసే అన్నాను. భయమేస్తే నాకు ముందు కోపమొస్తుంది, అదో జబ్బు. వాడు పాపం తిట్లన్నీ తిని, డాక్టరు ఉండే వీధి గుర్తులు చెప్పి వెళ్లాడు.

మర్నాడు భోజనాలయ్యాక తమ్ముడి ఇంటికి వెళ్లాను. మరదలు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. "లోపలున్నారు వదినా, చెవులకి ఆ డిప్పలు తగిలించుకుని. పొద్దస్తమానం పాటలే. పిలిస్తే పలకరు, పిచ్చి ముదిరిపోయింది" అంది. పొద్దస్తమానం పాటలా? పల్లవి దాకా ఓపిక పట్టనివాడా?

గది తలుపు తీశాను. వాడు కుర్చీలో వెనక్కి వాలి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. కాలితో తాళం వేస్తున్నాడు. హెడ్‌ఫోన్ తీగ వాడి భుజం మీదుగా దిగి, కుర్చీ చేతి పక్కనుంచి నేల మీదకి వచ్చింది. దాని కొస దేనికీ తగిలించి లేదు. కుర్చీ కింద దుమ్ములో పడి ఉంది.

చెవులకి డిప్పలు పెట్టుకున్నవాడు పలకలేదని ఎవరూ అనుమానించరు. పెళ్లాం విసుక్కుంటుంది, అంతే. ఎన్నిసార్లు ఎవరో వెనకనుంచి పిలిస్తే తెలియక దొరికిపోబోయాడో, ఎన్నాళ్లు ఒక్కడే కూర్చుని ఆలోచించి ఈ ఉపాయం పన్నాడో! ఇంత భయాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాడు వెధవ. ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. వెళ్లి భుజం తట్టాను. ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"ఏం వింటున్నావురా?"

"కొత్త పాటక్కా. ఈసారి కార్యక్రమంలో పెడదామని."

"ఎలా ఉంది?"

"బేస్ బాగుంది" అన్నాడు.

ఇక ఊరుకోలేకపోయాను. "లే, చెవులు చూపించుకుందాం పద" అన్నాను. వాడు ఇంతెత్తున లేచాడు. "నా చెవులకేమైంది? ఆ గుండుగాడు ఎక్కించాడా నీకు? నా చెవుల గురించి నువ్వా నాకు చెప్పేది?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గింది. "చెవిటివాడని పేరు పడితే కీబోర్డు ముందు ఎవరు కూర్చోనిస్తారు? స్టేజీ మీద లేకపోతే నేనెవర్ని అక్కా?" అన్నాడు. అని, నా మొహం చూసి సర్దుకున్నాడు. "ఊరికే మాటవరసకి అన్నాలే. నాకేం లేదు. ఉండు, మంచినీళ్లు తెస్తా" అని బయటికి వెళ్లాడు.

నాకు ఇంకో దారి తోచలేదు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే మొత్తం వాద్యం అర స్వరం పైకి జరుగుతుంది. వేళ్లు ఎప్పటి నల్లా తెల్లా మెట్ల మీదే ఆడతాయి, వినపడే శ్రుతి మాత్రం మారిపోతుంది. ఒక పాటకి నొక్కి, తీయడం మర్చిపోయి, తర్వాతి పాట ఎత్తుకోవడం కీబోర్డువాళ్లందరూ చేసే తప్పే. చెవి ఉన్నవాడైతే మొదటి స్వరానికే నాలుక కరుచుకుని సరిచేసుకుంటాడు. ఆ మీట నొక్కాను. మళ్లీ నొక్కాను, మళ్లీ, మళ్లీ, ఇంకోసారి. ఎన్నిసార్లు నొక్కామో అంకె కనిపించే చిన్న తెర మీద పాట కాగితం ఒకటి అడ్డంగా పరిచాను.

తమ్ముడు నీళ్లగ్లాసుతో వచ్చాడు. "సరే, నీకేం లేదన్నావుగా. నా పాట ఒక్కసారి వాయించు. పాడను, వింటాను" అన్నాను. నేను ఎప్పుడూ మొదట పాడే పాట అది. వాడు కూర్చుని, చేతులు తుడుచుకుని మొదలుపెట్టాడు.

నా గొంతు కోసం బాగా కిందకి దించి కట్టుకున్న పాట. గంభీరంగా లేవాల్సింది, ఎక్కడో పైన కీచుమని మొదలైంది. బాల్కనీలో మరదలు తడిబట్ట చేత్తో పట్టుకునే లోపలికి తొంగి చూసింది. మరదలికి కూడా తెలిసిపోయింది, దేవుడా! తిట్టరా, తిట్టు, అని లోపల్లోపల దండాలు పెట్టుకున్నాను. దీన్ని ఎవరు ముట్టుకున్నారని అరిచెయ్, నన్ను గదిలోంచి గెంటెయ్ అనుకున్నాను. వాడు వాయించుకుంటూ పోయాడు. ఒక్క వేలు తప్పలేదు. నేను ఊపిరి తీసుకునే చోట నాకోసం ఎప్పట్లాగే చోటు వదిలాడు. ఆఖరి మెట్టు మీద వేలు అలాగే ఉంచాడు. చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. వేలు తీయలేదు.

భుజం మీద చెయ్యి వేశాక తలెత్తి నావైపు తిరిగాడు.

"నువ్వు నొక్కడం చూశానక్కా" అన్నాడు. "గుమ్మంలోకి వచ్చేసరికి నీ చెయ్యి ఆ మీట మీద ఉంది."

"మరి వాయించావేంరా?"

"తేడా తెలుస్తుందేమోనని. చివరిదాకా చూశా."

వాడు కాస్త ముందుకు వంగి, బతిమాలుతున్నట్టు నవ్వాడు.

"ఒకటేగా నొక్కావు? ఒకటైతే ఒక్కోసారి ఎవరికైనా తెలీదు. అలసిపోయుంటే అసలు తెలీదు. ఒకటే కదక్కా?"

వాడి చెయ్యి కాగితం వైపు వచ్చింది. నేను కాగితం మీద అరచెయ్యి పెట్టి అదిమాను. అవునురా, ఒకటే అనెయ్యమని ప్రాణం కొట్టుకుంటోంది. అంటే చాలు, వాడు హమ్మయ్య అనుకుంటాడు. టీ తాగుదాం అంటాడు. రేపూ ఎల్లుండీ ఆ దుమ్ములో పడున్న తీగతో తల ఊపుకుంటూ కూర్చుంటాడు. మిగిలిన ఆ కాస్త కూడా పోతుంది. అప్పుడిక అక్కా అని పిలవడమే గానీ నేను ఓయ్ అంటే వినపడదు.

"ఐదు" అన్నాను. వాడి మొహంలోకి చూడలేక తల దించుకుని అన్నాను.

"ఏంటి?" అన్నాడు.

చెయ్యెత్తి వాడి కళ్ల ముందు ఐదు వేళ్లూ విప్పి చూపించాను.