రెండు ట్రేల పరీక్ష

విత్తనం వేసేటప్పుడు దేవుడికి ఒక మాట చెబితే మొలక బాగా వస్తుందని చాలామంది నమ్ముతారు. మా వదిన నారు పెంచే షెడ్డులో ఆ నమ్మకానికి ముప్పై ఏళ్లు. ప్రతి ట్రే మీదా అరచెయ్యి ఆనించి, గోడకున్న చెక్క మీది దేవుడి పటం వైపు చూసి, పెదవులు కదిపిన తర్వాతే ఆమె నీళ్లు చల్లేది.

ఇప్పుడు ఆ చెక్కకే ఎసరు వచ్చింది. షెడ్డు బాధ్యత తీసుకున్న ఆమె కూతురు వేడిని అదుపుచేసే యంత్రం ఒకటి కొన్నది. దాన్ని బిగించడానికి అనువైన చోటు అదే.

"పటం ఇంటికి తీసుకెళదామమ్మా."

"ఇంట్లో వేరే పటం ఉంది. ఈయన ఇక్కడివాడు. ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి యంత్రం వచ్చిందని పొమ్మంటామా?"

"పనిచేశాడని రుజువేదీ?"

వదిన నా వైపు తిరిగింది. "ఇది నీ మాటే. పిల్లకి నూరిపోశావు."

నేను విత్తన పరీక్షశాలలో ఇరవై ఎనిమిదేళ్లు మొలకలు లెక్కపెట్టి రిటైరైనవాణ్ణి. "గొడవెందుకు వదినా, పరీక్ష పెడదాం," అన్నాను.

ఒకే సంచిలోని టమాటా విత్తనాలు, ట్రేకు వంద. ఒకే మట్టి, కొలిచిన నీళ్లు, ఒకే వేడి. మొదటి ట్రేకు ప్రార్థన ఉంటుంది, రెండోదానికి ఉండదు. పదో రోజున మొదటిదానిలో కనీసం ఐదు మొలకలు ఎక్కువ ఉంటే పటం కదలదు. లేకపోతే ఇంటికి.

"దేవుణ్ణి నమ్మడానికి మొలకలు లెక్కపెట్టాలా? భోంచేశావా అని నిన్ను రోజూ అడుగుతాను. చేశానంటావు. కడుపు కోసి చూస్తున్నానా?"

"కోసి చూసే వీలుంది కాబట్టే నా మాట నమ్మవచ్చు వదినా."

"తెలివికేం తక్కువ లేదు. సరే పెట్టు, ఈయనకేం భయం?"

రెండో ట్రేను పక్క గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పది రోజులూ నా జేబులోనే ఉంది.

పదో రోజున నేను రెండుసార్లు, కూతురు ఒకసారి లెక్కపెట్టాం. మొదటి ట్రేలో తొంభై ఒకటి. రెండోదానిలో తొంభై.

కూతురు స్టూలెక్కి చెక్క స్క్రూ ఒకటి విప్పింది. వదిన పటాన్ని చేతుల్లోకి తీసుకుని, అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"ఒక మాట చెప్పాలయ్యా. రెండో ట్రే గురించి కూడా దేవుడికి చెప్పాను."

"గదికి తాళం వేశాను కదా!"

"గదికి వేశావు. నేను వంటింట్లోంచి చెప్పాను."

"ఎన్ని రోజులు?"

"పదీ. ముందే చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నా. అవేం పాపం చేశాయి? అన్నీ ఒకే సంచిలోవి. వందమందికి వడ్డించి, ఇంకో వందమందిని ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టమంటావా?"

కూతురు నవ్వాపుకోలేక స్టూలు దిగింది. "బాబాయ్, ప్రార్థన దూరని గది కట్టలేకపోయావా?"

అటువంటి గదికి గోడలు దేనితో కట్టాలో ఆలోచించాను. తోచలేదు.

"మళ్లీ పెడదాం. ఈసారి రెండోదాని గురించి చెప్పనని మాటివ్వండి వదినా."

"ఇవ్వలేను. అది గుర్తొచ్చినప్పుడల్లా నోరు దానంతటదే కదులుతుంది."

"ఊరికే ఇవ్వమ్మా, బాబాయ్ సంతోషిస్తాడు," అంది కూతురు.

"పటం చేతిలో పెట్టుకుని అబద్ధమాడమంటావా?"

కూతురు స్క్రూను మళ్లీ బిగించింది. యంత్రమేమో తలుపు పక్కకు, తీసిన ప్రతిసారీ తలుపు తగిలే చోటికి పోయింది. నేను నోటుపుస్తకంలో ఫలితం రాశాను.

మొదటి ట్రే: ప్రార్థన ఉంది. మొలకలు తొంభై ఒకటి.

రెండో ట్రే: ప్రార్థన ఉంది. మొలకలు తొంభై.

ప్రార్థన లేని ట్రే: లేదు.

పటం: ఉన్నచోటే.