అర మెట్టు పైన

వెర్లన్ టిబ్స్‌కి ఆ పాటలో ఏదో తేడా కొడుతోంది. అదేమిటో మాత్రం అంతుపట్టడం లేదు. మూడు వారాలుగా ఇదే గోల. ఫ్యాక్టరీలో బ్రేకులు బిగిస్తూ అదే ఆలోచన, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి శాండ్‌విచ్ కొరుకుతూ అదే ఆలోచన. ఆదివారం చర్చిలో పాస్టరుగారు నరకం గురించి గొంతు చించుకుంటుంటే వెర్లన్ వేళ్ళు మోకాలి మీద ఆ పాటే వాయిస్తున్నాయి.

తప్పు వాయిస్తున్నదెవరో పట్టుకుందామంటే తప్పు వాయించేవాడే లేడు. అదే అతనికి మింగుడు పడడం లేదు.

పాట పేరు ‘రెండో కూత’. డేటన్ ఊరి పడమటి పేటల్లో ఆ పాట తెలియని పిల్లి కూడా ఉండదు. మూడేళ్ళ కిందట దాన్ని రికార్డు చేసింది లేట్ షిఫ్ట్ బ్యాండు, అంటే వెర్లన్, ఇంకో అయిదుగురు. ఆ అయిదుగురూ ఇప్పుడు లేరు. పోయినేడాది జనవరిలో ఇండియానాపోలిస్‌లో కచేరీ చేసుకుని వస్తుంటే, గడ్డకట్టిన రోడ్డు మీద వ్యాను జారిపోయింది. వెర్లన్ తెల్లవారితే డ్యూటీ ఉందని ముందు బస్సు పట్టుకుని వచ్చేశాడు. ఇంటికొచ్చి, హాయిగా నిద్రపోయి, లేచి పళ్ళు తోముకుంటూ వార్త విన్నాడు. ఆ నిద్రని అతను ఇంతవరకూ క్షమించుకోలేదు.

పద్నాలుగు నెలలు తన బేస్ గిటార్ ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు హైస్కూలు మార్చింగ్ బ్యాండులో వాయించిన కుర్రాళ్ళు అయిదుగురు వచ్చి తలుపు కొట్టారు. డ్రమ్స్ వాయించే లాన్జో, గిటార్ వాయించే డ్వైట్, బాకాలూదేవాళ్ళు ముగ్గురు. "అన్నా, మీ పాటలన్నీ మాకు నోటికొచ్చు. నువ్వుంటే చాలు" అన్నారు. నోటికి రావడం అబద్ధం కాదు. చనిపోయిన క్లియో ఎక్కడ తాళం కొడుతూ చిన్న దగ్గు దగ్గాడో, లాన్జో అక్కడ దగ్గు కూడా దగ్గుతాడు.

శనివారం కార్మిక సంఘం హాల్లో డాన్సు కుదిరింది. శుక్రవారం పొద్దున పోస్టర్లు అచ్చుకి వెళ్ళాలి. పోస్టరు మీద ఏ పేరు వేయాలన్నది మాత్రం మిస్ ఎర్లీన్ చేతిలో ఉంది. ఆమె క్లియో తల్లి; పేటలో పెద్దావిడల్ని గౌరవంగా ‘మిస్’ అనే పిలుస్తారు. అయిదేళ్ళు ఆమె ఇంటి కింద సెల్లారు గదిలోనే బ్యాండు సాధన చేసింది. షిఫ్టులు దిగి ఆకలితో వచ్చి పడే ఆరుగురికీ మళ్ళీ పొయ్యి వెలిగిస్తూ, "వచ్చార్రా నా లేట్ షిఫ్టుగాళ్ళు" అని ఆమె తిట్టిన తిట్టే పేరైపోయింది. వెర్లన్ వెళ్ళి అడిగితే ఆమె అవుననలేదు, కాదనలేదు.

"గురువారం ఆ పిల్లల్ని తీసుకురా. నా సెల్లారులో వాయించండి. విన్నాక చెప్తాను" అంది.

"ఆవిడ కాదంటే వేరే పేరు పెట్టుకుందాం అన్నా. పేర్లకేం కరువా?" అన్నాడు డ్వైట్.

వెర్లన్ వాడి వంక చూసిన చూపుకి డ్వైట్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ పేరు కూడా పోతే తన వాళ్ళు రెండోసారి పోయినట్టే వెర్లన్‌కి. ఆమె కాదంటే బ్యాండు మానేద్దామని లోపల్లోపలే నిశ్చయించుకున్నాడు కూడా.

అందుకే ఈ తేడా ఏమిటో గురువారం లోపు తెలియాలి. తనకి తెలిసినది ఆ తల్లి చెవికి తెలియకుండా ఉంటుందా? మొదట దుఃఖం వల్లేమో అనుకున్నాడు. ఆ సిద్ధాంతం రెండు రోజులు నిలిచింది. దుఃఖానికి వేళ్ళు బొబ్బలెక్కవు కదా. అయిదేళ్ళు వాయించిన పాటకి ఇప్పుడు కొత్తగా బొబ్బలేమిటి? గిటార్ తీగలు మార్చి చూశాడు. సాధన చేసే డ్వైట్ వాళ్ళ గ్యారేజీ గోడలకి కంబళ్ళు కట్టించాడు. ఒక సాయంత్రం లాన్జో వెనక నిలబడి వాడి కుడికాలు వంకే గంటసేపు చూశాడు.

"ఏంటి తాతా, నా బూట్లు నచ్చాయా?" అన్నాడు లాన్జో. వెర్లన్‌కి ఇరవై ఏడే. అయినా ఆ గుంపులో అతను తాతే.

"నోరు మూసుకుని వాయించు. నువ్వు క్లియో కంటే బాగా వాయిస్తున్నావేమో చూస్తున్నా."

"వాయిస్తున్నానా?"

"క్లియోలాగే వాయిస్తున్నావు. అయినా క్లియోలా లేదు. నా బుర్ర తినక కానివ్వు."

మంగళవారం రెనెటా వచ్చింది. ఆమె చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. పాస్టరుగారిని బతిమాలి చర్చి ఆర్గన్‌ని నలుగురు మోసుకొచ్చి డ్వైట్ వాళ్ళ గ్యారేజీలో దించారు. ఆమె కూర్చుని, గౌను సర్దుకుని, ‘రెండో కూత’ మొదలుపెట్టింది. నవ్వుతూ వాయిస్తోంది. మధ్యలో ఎడమచేత్తో చెవిపోగు కూడా సరిచేసుకుంది.

"పిల్లల పాటలా ఉంది బ్రదర్ టిబ్స్. దీనికింత హడావిడి ఎందుకు? ఇంట్లో రికార్డు పెట్టుకుని రెండుసార్లు విన్నాను, వచ్చేసింది" అంది.

వెర్లన్ గిటార్ ఆపేశాడు. పిల్లల పాటా! పోయిన రాడ్నీ ఇదే పాట ఆర్గన్ మీద వాయిస్తూ ప్రతి రాత్రీ శాపనార్థాలు పెట్టేవాడు. గిటార్ వాళ్ళ సుఖం కోసం పెట్టిన శ్రుతి ఇదీ, నా వేళ్ళు నల్ల మెట్ల మీద కోతికొమ్మచ్చులాడాలీ అని ఏడ్చేవాడు. బాకాల వాళ్ళూ వాడికి వంత పాడేవాళ్ళు. ఇప్పుడు ఈ ముగ్గురు బాకాల కుర్రాళ్ళు ఒక్కరోజు కూడా సణగలేదు.

"రెనెటా, నువ్వు మొదలుపెట్టే మెట్టు ఏది? నొక్కి చూపించు."

ఆమె నొక్కింది.

"దానికి ఎడమపక్కది నొక్కు."

అదీ నొక్కింది. "ఇదెందుకు?"

"మాది అది" అన్నాడు వెర్లన్. "మేము ఎప్పుడూ అక్కణ్ణించే మొదలుపెట్టేవాళ్ళం. ఒరేయ్ డ్వైట్, మొదటిరోజు నేను రాకముందు శ్రుతి దేనికి కలిపార్రా మీరు?"

"దేనికేంటన్నా, రికార్డుకి. ఆ మూలన పెట్టి తిప్పాం కదా."

మొదటిరోజు వెర్లన్ షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చాడు. గిటార్ తీస్తే అందరికంటే కిందికి పలికింది. చలికి తీగలు సడలాయనుకున్నాడు. అయిదుగురు ఒక మాట మీద ఉంటే ఆరోవాడు తనదే తప్పనుకోవడం సహజం. గుడ్డిగా బేస్‌కుండే నాలుగు బిరడాలూ బిగించేశాడు. వేళ్ళు పెట్టే చోటు మారలేదు కనక చేతికి తెలియలేదు. బిగిసిన తీగలు మాత్రం వేళ్ళని కోసేశాయి.

అప్పుడు గుర్తొచ్చింది సిన్సినాటి, వాళ్ళు పాట రికార్డు చేసిన ఊరు. రికార్డింగ్ గదిలో పాట అయ్యాక అక్కడి పెద్దమనిషి టేపు కాస్త వేగంగా తిప్పి, రేడియోలో ఇలా అయితే చురుగ్గా ఉంటుందబ్బాయిలూ అన్నాడు. టేపు వేగం పెరిగితే నడకతో పాటు శ్రుతీ పైకి పోతుంది. అలా అర మెట్టు పైకెక్కి కూర్చుంది పాట. అందరూ నవ్వారు, క్లియో ఒక్కడూ మూతి ముడుచుకున్నాడు. వెర్లన్ ఆ రోజుల్ని తలుచుకోకుండా పద్నాలుగు నెలలు బతికిన మనిషి. తలుచుకోని వాటితో పాటు ఇదీ పోయింది.

కారణం దొరికినందుకు మూడు వారాల్లో మొదటిసారి హాయిగా నవ్వాడు. నవ్వింది అతనొక్కడే.

"అయితే మేము నేర్చుకుంది తప్పు పాటా?" అన్నాడు లాన్జో.

"తప్పు కాదురా. మిషను పరిగెత్తించిన పాట. దించండి. అందరూ అర మెట్టు దించండి. నడక తగ్గించండి."

దించారు. మొదట అందరికీ నిద్రొచ్చింది. రెనెటా నల్ల మెట్ల మీద తడబడి, చర్చి మనిషి అనకూడని మాట ఒకటి అనేసింది. "ఇది పాటా, శవయాత్రా?" అని గొణిగాడు డ్వైట్. బుధవారం సాయంత్రానికి మాత్రం పాట కుదురుకుంది. బరువుగా, నిదానంగా, బాగా తిని నడిచే మనిషిలా నడిచింది. వెర్లన్ కళ్ళు మూసుకుంటే క్లియో పక్కనే ఉన్నాడు. ఇక గురువారం గురించి బెంగ లేదనుకున్నాడు.

అయినా ఊరుకోలేక ఇంటికెళ్తూ మిస్ ఎర్లీన్ దగ్గర ఆగాడు. ఆమె వంటగదిలో కూర్చుని ఆకుకూర కాడలు తుంపుతోంది.

"మిస్ ఎర్లీన్, ఒక మాట అడగనా? మీరు ఆ రికార్డు ఎప్పుడూ పెట్టుకోరెందుకు? ఏడుపొస్తుందనా?"

"ఏడుపా! ఏడవడానికి నాకు రికార్డు కావాలా నాయనా? అందులో నా కొడుకు పోలీసులు వెంటపడ్డట్టు పరిగెడుతుంటాడు. వాడు జన్మలో పరిగెత్తి ఎరగడు. స్కూలు బస్సు వెళ్ళిపోతున్నా నడిచే వెళ్ళేవాడు. అది నా కొడుకు కాదు. నా ఇంట్లో దాన్ని పెట్టను."

వెర్లన్ లోపల గంతులేశాడు. తను సరిగ్గానే పట్టుకున్నాడన్నమాట.

గురువారం సాయంత్రం ఏడుగురూ సెల్లారులోకి దిగారు. ఆర్గన్‌ని సెల్లారు మెట్ల మీంచి దించేసరికి నలుగురి నడుములూ విరిగాయి. మిస్ ఎర్లీన్ కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్లల్లో ఒక్కరి పేరూ అడగలేదు. లాన్జోని అసలు చూడనే లేదు.

వాయించారు. అర మెట్టు కింద, నిదానంగా, అచ్చం ఆ అయిదేళ్ళూ ఆ గదిలో వాయించినట్టే. ఒక్క పొరపాటు లేదు. లాన్జో దగ్గుతో సహా అంతా పడింది. పాట అయ్యాక వెర్లన్ ఆమె ముఖంలోకి ఆశగా చూశాడు.

"వాడే" అంది ఆమె. "నా క్లియోనే. అయిదేళ్ళు ఈ చప్పుడు మీదే వంట చేశాను, నాకు తెలీదా? ఇంత బాగా దొంగిలిస్తారనుకోలేదు."

"దొంగతనం కాదు మిస్ ఎర్లీన్…"

"మరేంటి? వాడి తాళం, వాడి దగ్గు. అందులో ఈ పిల్లాడెక్కడ ఉన్నాడు? నువ్వు నా కొడుకుని నాకు చూపించడానికి తెచ్చావు వెర్లన్. నాకు రోజూ కనిపిస్తూనే ఉన్నాడు. దానికి మీరు అక్కర్లేదు. పేరు ఇవ్వను."

వెర్లన్ అన్నీ తెలుసుకుని, అంతా సరిచేసి, తన చేత్తో తనే గొయ్యి తవ్వుకున్నాడు. గిటార్ మెడలోంచి తీయబోయాడు.

లాన్జో మాత్రం ఊరుకోలేదు. "మాకసలు ఇలా రాదండీ. రెండు రోజుల కిందటి దాకా మాకు వేరేలా వచ్చు. ఇది అన్న నేర్పించిందే."

"వేరేలా అంటే?"

"రికార్డులాగా."

"రికార్డులాగా ఎవడు వాయిస్తాడు? అది మిషను చేసిన పని" అంది మిస్ ఎర్లీన్. మొదటిసారి తల తిప్పి వాడిని చూసింది.

"మాకు తెలీదు కదండీ మిషనని. మనుషులే వాయించారనుకున్నాం. అందుకే నేర్చుకున్నాం. నాకైతే ఏడాది పట్టింది. మణికట్లు వాచిపోయి మా అమ్మ చేత తిట్లు తిన్నాను."

మిస్ ఎర్లీన్ వెర్లన్ వైపు చూసింది. "వాయించమను."

వెర్లన్ బిరడాలు మళ్ళీ పైకి బిగించాడు. ఒక్కొక్కటి తిప్పుతుంటే క్లియోని తన చేత్తో గుమ్మం బయటికి నెడుతున్నట్టే ఉంది. అయినా తిప్పాడు. రెనెటా ఊపిరి వదిలి తెల్ల మెట్ల మీదికి వచ్చేసింది. లాన్జో కర్రలు పైకెత్తి, అందరి వంకా ఒకసారి చూసి, వదిలాడు.

పాట పరుగందుకుంది. సెల్లారులో పచ్చళ్ళ సీసాలు గలగలలాడాయి. బాకాలు అరుస్తున్నాయి. డ్వైట్ కళ్ళు మూసుకుని ఊగిపోతున్నాడు. లాన్జో చేతులు కనిపించడం లేదు. మిస్ ఎర్లీన్ కుర్చీలోంచి లేచింది. మెల్లగా నడిచి డ్రమ్స్ పక్కకి వచ్చి, వంగి, ఆ మణికట్ల వంక చూస్తూ నిలబడిపోయింది. ఏదో మోసం ఉందేమోనని వెతుకుతున్న మనిషిలా చూసింది. లాన్జో దగ్గాల్సిన చోట దగ్గడం మరిచిపోయాడు.

పాట ఆగింది. అందరూ రొప్పుతున్నారు.

"చేత్తోనేనా?" అంది ఆమె.

"చేత్తోనేనండీ."

"నా క్లియో ఇంత వేగంగా వాయించలేడు. ఎన్నడూ వాయించలేదు. ఇలా ఎవ్వరూ వాయించలేదు." ఆమె వాడి చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది. "నీ పేరేంటి బాబూ?"

"లాన్జో అండీ."

"మీ అమ్మకి చెప్పు, ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళలో ముంచమని. తిడితే వాపు తగ్గదు." తర్వాత వెర్లన్ వైపు తిరిగింది. "నెమ్మదిది ఇంకెప్పుడూ వాయించకు. అది నాది. ఇది వీళ్ళది. పోస్టరు మీద లేట్ షిఫ్ట్ అని వేయించి, కింద ఈ పిల్లల పేర్లు వేయించు. ఒక్కటీ తప్పు పోకుండా చూడు."

వెర్లన్‌కి పద్నాలుగు నెలలుగా రానిది ఇప్పుడు పిల్లలందరి ముందూ వచ్చేసింది. గిటార్ మెడలో ఉండగానే మెట్ల మీద కూలబడి భోరుమన్నాడు.

పిల్లలు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశారు. మిస్ ఎర్లీన్ అతన్ని దాటుకుని మెట్లెక్కింది.

"ఏడవనీండి వాణ్ణి" అంది పైనుంచి. "మీరందరూ పైకొచ్చి చేతులు కడుక్కోండి. ఏడుగురికని కాస్త ఎక్కువే వండాను."