గీతకవతల పిక్కల్లేవు

ఉమామహేశ్వరి ఈల ఊదలేదు. కాశీబుగ్గ జనం గొంతులు చించుకున్నా ఊదలేదు.

ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆఖరి ఆట. కాశీబుగ్గకీ పూండికీ. పూండి పిల్లలు బంతితో నడిమి గీత దాటి కాశీబుగ్గ బుట్ట వైపు వచ్చేశారు. అందులో ఒకమ్మాయి బంతిని తన జట్టు పిల్లకి విసిరింది. కాశీబుగ్గ సూర్యకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. వేలికొసలు తగిలి బంతి దారి తప్పి, గీత వెనక్కి దొర్లిపోయింది. పూండి పిల్లే పరుగెత్తి దాన్ని అందుకుంది, తిరిగొచ్చి బుట్టలో వేసింది. దాంతో పూండిది ఒక్క పాయింటు పైచేయి అయింది.

పోటీలు పెట్టిన చిన్నారావు కుర్చీ వదిలి కోర్టులోకి వచ్చేశాడు. ఆట ఆగింది. ఆయన ఉమకి మేనమామ. రిఫరీ పరీక్షకి విశాఖపట్నం తీసుకెళ్ళిందీ, ఆ ఈల కొనిచ్చిందీ ఆయనే.

“ఏటే ఉమా, ఈల మింగీసినావేటి?”

“నేదు మావా. నోట్లోనే ఉంది.”

“మరి ఊదవేటి? గీత దాటి ఎనక్కెల్తే బంతి అవతలోళ్ళదే గదా. మన కళ్ళంలో ఎప్పుడూ అంతే గదా.”

ఆ మాట నిజమే. కాశీబుగ్గలో సగంమంది ఈ ఆట నేర్చింది జీడిపిక్కలు ఆరబోసే కళ్ళాల్లోనే. సగం నేల పిక్కలకి, సగం పిల్లలకి. ఎవరి చెయ్యి తగిలి వెళ్ళినా, బంతి గీత దాటి పిక్కల్లో పడితే అప్పటిదాకా దాన్ని ఆడిస్తున్న జట్టు వదులుకోవాల్సిందే.

“అక్కడ పిక్కలు తొక్కితే అమ్మమ్మ చీపురు తిరగేసేది మావా, అందుకెట్టుకున్న రూలది. ఇక్కడ పిక్కల్లేవు. బంతి ఎనక్కెల్లే ముందు ఆకర్న ముట్టుకున్నది మన పిల్ల. అలాగైతే పూండోళ్ళు తీసుకోవచ్చు.”

చిన్నారావు సూర్యకుమారి వైపు తిరిగాడు. “తగిలిందేటే?”

ఆ పిల్ల చేతులు వెనక దాచుకుంది. “తగిలింది,” అంది నేల చూస్తూ.

“మనూరి ఉప్పు తిని పూండోళ్ళకి ఊదుతున్నాదిరా,” అన్నాడు జనంలోంచి పోలారావు.

“ఊదనేదురా బావా, అదే గదా గొడవ,” అన్నాడు పక్కవాడు.

చిన్నారావు గొంతు తగ్గించాడు. “ఆ బుట్ట లెక్కలోంచి కొట్టీయ్. నేదంటే నా పోటీల్లో నీకింక ఈల నేదు.”

ఉమ మెళ్ళో తాడు తీసి, ఈలని ఆయన ముందుకి చాపింది. “అయితే ఇప్పుడే తీసుకో. నువ్వే ఊదు. ముందు గీతకవతల నాలుగు బస్తాల పిక్కలు పోయించు, నీ రూలు సరిపోద్ది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తను కొన్న ఈలే అయినా చిన్నారావు చెయ్యి ముందుకి రాలేదు.

“వచ్చే ఏడు సూత్తాను నీ సంగతి.”

“సూడు మావా. ఈ ఏడు మాత్రం కోర్టు బయట నిల్చుని సూడు.”

తాడు మళ్ళీ మెళ్ళో వేసుకుని, స్కోరు బల్ల వైపు రెండు వేళ్ళు చూపించింది. బుట్ట లెక్కే. చిన్నారావు గొణుక్కుంటూ అంచు దాకా వెళ్ళి ఆగాడు. ఆయన చెప్పు మడమ ఇంకా గీత మీదే ఉంది.

అది కూడా బయటికి లాక్కునేదాకా ఉమ ఆట మొదలుపెట్టలేదు.