పెద్దాయన కాళ్లు

పెద్దాయన విగ్రహం కాళ్లు కోసేస్తారన్న మాట చెవిన పడగానే మేస్త్రమ్మ తాగుతున్న టీ అక్కడే వదిలేసి కూడలికి బయల్దేరింది. ముప్పై ఏళ్లుగా రాయి కొట్టి బతుకుతున్న మనిషి. ఆవిడ నడకకి తోవలో వాళ్లు తప్పుకోవాల్సిందే.

దేశానికి స్వాతంత్ర్యం తెచ్చి, తొలి ప్రభుత్వాన్ని నడిపిన నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనే పిలిచేవారు. నల్లరాతి దిమ్మె మీద ఆయన కంచు విగ్రహం నిలబడి నలభై ఏళ్లయింది. ఇప్పుడక్కడ వంతెన కడుతున్నారు, విగ్రహాన్ని పార్కులోకి మార్చాలి. ఇంజినీరు అప్పటికే చుట్టూ ఇనుప గొట్టాలు కట్టించి, విగ్రహం ఒరగకుండా బిగించాడు.

"మడమల దగ్గర కోసి, పార్కులో మళ్లీ వెల్డింగ్ చేయిస్తామమ్మా. అతుకు కూడా కనపడదు," అన్నాడు ఇంజినీరు.

"చూసేవాళ్లకి కనపడదేమో. నాకు కనపడుతుంది."

"ఇంతకీ మీరెవరు?"

"ఈ దిమ్మె కట్టిన మేస్త్రి కోడల్ని. కాపురానికొచ్చిన ఏడాది దీనికి నీళ్లు మోశాను. ఒక్కో పాదం కింద రెండేసి ఇనుప కడ్డీలు రాతిలోకి దిగి ఉన్నాయి. వాటి చుట్టూ సీసం కరిగించి పోశారు."

"అందుకే కదమ్మా కోస్తున్నది! పైకి లాగితే పాదాలు చిరిగిపోతాయి. రాతిని మిషనుతో కొడదామంటే ఆ అదురుకి కంచు పగులుతుంది."

"మిషనెందుకు? రాతిని నేను చేత్తో చీలుస్తాను."

ఇంజినీరు ఆవిడ చేతుల వంక చూశాడు. "సోమవారం పొద్దున్నే క్రేన్ వస్తుంది."

"రానివ్వండి. అప్పటికి నావల్ల కాకపోతే మీ ఇష్టం."

శనివారం తెల్లారేసరికి మేస్త్రమ్మ, కూతురు దిమ్మె ఎక్కారు. కడ్డీలున్న వరస వెంబడి బెత్తెడుకొకటి చొప్పున గుంతలు తొలవాలి. వాటిలో ఎండిన చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లతో తడిపితే, చెక్క ఉబ్బి రాతిని చీలుస్తుంది. పని తెలిసినవాళ్లకి కొత్తేం కాదు గానీ, ఓపిక కావాలి. మధ్యాహ్నానికి మరిది వచ్చి కింద నిలబడ్డాడు. ఆయనా రాతిపనివాడే.

"వదినా, నీ మోకాళ్లే కిర్రుమంటున్నాయి. ఆయన కాళ్ల సంగతి నీకెందుకు?"

"నావి కిర్రుమంటే నూనె రాసుకుంటా. ఆయనవి కోస్తే ఏం రాస్తావయ్యా?"

మరిది నవ్వి వెళ్లిపోయాడు. కూతురు మాత్రం ఉలి దించి అడిగింది. "ఎందుకమ్మా ఇంత పంతం? ఆయనేమైనా మన చుట్టమా?"

"చుట్టం కాదే. ఆయన రాకముందు రాయి కొట్టేవాళ్లకి ఓటు లేదు. మీ నానమ్మ మొదటిసారి ఓటేసొచ్చి, వేలి మీద సిరా చెరిగిపోతుందని మూడు రోజులు అంట్లు ముట్టుకోలేదట. మీ తాతయ్యే తోమాడు. ఆ తాతయ్యే ఈ దిమ్మె కట్టాడు. ఇక ఉలి పట్టు."

ఆదివారం మధ్యాహ్నానికి మేకులు తడిసి ఉబ్బాయి. రాతిలో టప్పుమని గీత విచ్చింది. ఆ గీత మూడు కడ్డీల మీదుగా పోయింది. నాలుగోది, ఎడమ మడమ కిందది, అంటలేదు. మేస్త్రమ్మ సుత్తితో తట్టి చూసింది. కడ్డీ ఉండాల్సిన చోట గట్టి రాయే పలికింది. అరచేతులు బొబ్బలెక్కాయి, మణికట్టు వాచింది. 'నా జ్ఞాపకమే తప్పిందా?' అని మొదటిసారి ఆవిడకి అనుమానం వచ్చింది. అయినా కిందికి దిగలేదు. వేలి వెడల్పు చొప్పున జరుగుతూ తడుతూనే పోయింది.

కింది నుంచి మరిది గొంతు వినిపించింది. "అక్కడ కాదు వదినా! ఆ వైపు రాతిలో చార ఉందని నాన్న ఆ కడ్డీ గుంతని లోపలికి జరిపాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నా."

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"నువ్వింతదాకా వస్తావనుకోలేదు."

చొక్కా చేతులు మడిచి తనూ ఎక్కాడు. వదిన కూతురి చేతిలోంచి ఉలీ సుత్తీ అందుకుని, "నువ్వు తట్టి వినిపించు, నేను తొలుస్తా," అన్నాడు. బెత్తెడు లోపల సీసం మెత్తగా పలికింది. పొద్దు వాలేలోపు ముగ్గురూ కలిసి రెండో వరస గుంతలు పూర్తిచేసి, మేకులు దిగ్గొట్టి తడిపారు.

సోమవారం క్రేన్ బెల్టులు విగ్రహం నడుముకి బిగించి బరువందుకుంది. కోత మిషను కూడా పక్కనే సిద్ధంగా ఉంది. మేస్త్రమ్మ ఆఖరి మేకు మీద మూడు దెబ్బలు వేసింది. నాలుగో దెబ్బకి రాయి రెండుగా విడిపోయింది. విగ్రహం మెల్లగా లేచింది. పాదాల కింద నాలుగు కడ్డీలు, వాటిని పట్టుకుని సీసం ముద్దలు. కంచు మీద గీత కూడా పడలేదు. ఇంజినీరు కోత మిషను ప్లగ్గు పీకేశాడు.

తర్వాత పార్కులో కొత్త దిమ్మె పని కూడా ఆవిడకే అప్పజెప్పాడు. "పాత పద్ధతిలోనే సీసం పోయిస్తారా?" అని అడిగాడు.

"వద్దు బాబూ, బోల్టులు పెడదాం," అంది మేస్త్రమ్మ. "రేపు ఎవరైనా ఈయన్ని మళ్లీ కదపాల్సొస్తే, కాళ్లు కోద్దామన్న ఆలోచనే రాకూడదు."